బొమ్మల కొలువు - యజమాని ఎవరు?

"కొలువు" అను మాట తెలుగువారికి మిక్కిలి ప్రియమైనది. రాజు సింహాసనమున కూర్చుండి మంత్రులకు, సామంతులకు, ప్రజలకు దర్శనమిచ్చుట కొలువు. సేవకుడు ప్రభువును ఆశ్రయించి పనిచేయుటయు కొలువే. ఏలువానికిని సేవించువానికిని ఒకే మాట చెల్లుట ఈ భాషలోని సొగసు. తిరుమల క్షేత్రమున ప్రతిదినము ప్రాతఃకాలమున తోమాలసేవ ముగిసిన పిమ్మట శ్రీవారికి కొలువు జరుగును. కొలువు శ్రీనివాసమూర్తి బంగారు సింహాసనమున వేంచేసియుండగా ఆనాటి తిథి వార నక్షత్రములను పంచాంగము నుండి చదివి వినిపింతురు. ముందునాటి హుండీ ఆదాయమును విన్నవింతురు. జగన్నాథునికి లెక్క తెలియక కాదు. ఆలయమున వచ్చినదంతయు ఆయనదే యని, తాము లెక్క చెప్పవలసినవారమే గాని అనుభవింపవలసినవారము కామని సేవకులు ప్రతిదినము తలచుకొనుటకు ఆ ఆచారము ఏర్పడినది.

ఇదే మాటను మన గృహములలో చిన్నపిల్లలు ఆటగా పలుకుదురు. కోస్తా ప్రాంతమున సంక్రాంతి దినములలోను, రాయలసీమలోని పలు ఇండ్లలో శరన్నవరాత్రులలోను మెట్లు కట్టి, తెల్లని వస్త్రము పరచి, బొమ్మలను తీర్చుదురు. దానికి బొమ్మల కొలువు అని పేరు. చూచువారికి ఇది వినోదము. కట్టువారికి ఇది చేతిపని. అయినను ఇందులో ఒక ధర్మప్రశ్న ఇమిడియున్నది. ఒక చిన్న లోకమును తన చేతులతో నిర్మించినవాడు దానికి యజమాని యగునా? అగునేని, ఆ యజమానత్వమునకు హద్దు ఏది? ఇది బొమ్మలతో ముగియు ప్రశ్న కాదు. ఇల్లు కట్టినవానికి, పొలము దున్నినవానికి, బిడ్డలను పెంచినవానికి, ధర్మసంస్థను నడుపువానికి కూడ ఇదే ప్రశ్న ఎదురగును. బొమ్మల కొలువున అది అరచేయి వెడల్పున కనబడును. కనుక విచారించుటకు సులభము.

ముందుగా ఆ నిర్మాణమును గూర్చి కొంత తెలియవలెను. మెట్లు మూడుగాని, అయిదుగాని, ఏడుగాని, తొమ్మిదిగాని బేసి సంఖ్యలో ఉండుట ఆచారము. పై మెట్టున కలశము, దేవతామూర్తులు, దశావతారములు. వాటి క్రింద ఋషులు, ఆచార్యులు, భక్తులు. ఆ క్రింద రాజులు, పెండ్లివారు, మేళగాండ్రు. అడుగున పల్లెజనము, అంగడులు, పశువులు. మెట్ల ప్రక్కనో ముందో నేలమీద ఒక దృశ్యమును కల్పింతురు. అది బృందావనము కావచ్చును, గోవర్ధనోద్ధరణము కావచ్చును, ఏడుకొండలు కావచ్చును. రాత్రి నానబెట్టిన రాగులను పళ్ళెములోని మట్టిలో చల్లి నీరు చిలుకరించుచుండిన పండుగ నాటికి పచ్చిక బయలు సిద్ధమగును. ఆవాలు ఇంకను త్వరగా మొలచును. అద్దమును నేలపై పరచి దాని అంచులను ఇసుకతో కప్పినచో కొలను అగును. బోర్లించిన కుండలపై గంజిలో ముంచిన గుడ్డ కప్పి, ఆరిన పిదప రంగు పూసినచో కొండ అగును.

ఈ పనిలో కన్ను నేర్చుకొనవలసిన సూక్ష్మములు కలవు. దూరమున ఉన్నట్లు తోపవలసిన వస్తువును చిన్నదిగా చేసి వెనుక నిలుపవలెను. దగ్గరిదానిని పెద్దదిగా ముందు ఉంచవలెను. వెనుకటి కొండకు రంగు పలుచన కావలెను. మార్గము తిన్నగా పోక వంపు తిరిగి మరుగైనచో ఆవల ఇంకను దారి ఉన్నదని మనస్సు నమ్మును. అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. బొమ్మల కొలువులో ఇరువది మెట్లకంటె ఎక్కువ పట్టవు. కట్టువాడు గాలిగోపురమును ఒక మలుపున, మోకాళ్ళ పర్వతమును ఇంకొక మలుపున నిలిపి, నడుమ ఒక ముసలివాని బొమ్మను చేతికఱ్ఱతో ఉంచినచో చాలును. తక్కిన మెట్లను చూచువాని భక్తియే ఎక్కును. అన్నిటిని చూపనక్కరలేదు, ఏది చూపవలెనో తెలిసిన చాలునని ఈ కళ నేర్పును.

ఇక బొమ్మ దేవుడా అను సందేహము. శ్రీవైష్ణవ సంప్రదాయమున పరమాత్మకు పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని అయిదు రూపములు చెప్పబడినవి. వీనిని పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున నీటితో పోల్చిరి. అంతర్యామి భూమి లోపలి జలము వంటివాడు. పరరూపము బ్రహ్మాండమును చుట్టియున్న జలము వంటిది. వ్యూహము పాలకడలి వంటిది. విభవము వరదలై పారిపోయిన ఏరు వంటిది. అర్చావతారము ఆ ఏటి మడుగులలో నిలిచిన నీరు వంటిది. దప్పిగొన్నవానికి చేతికందునది ఆ మడుగే. అయితే చెక్కిన ప్రతి రూపమును అర్చ కాదు. శిల్పి పని ముగిసిన పిమ్మట జలాధివాసము, నయనోన్మీలనము, ప్రతిష్ఠ మున్నగు సంస్కారములు ఆగమవిధి ప్రకారము జరుగును. అటుపిమ్మట ఆ మూర్తి మన ఇచ్ఛకు లోబడినది కాదు. మేల్కొలుపు నుండి పవళింపు వరకు మనమే ఆ మూర్తి వేళలకు లోబడవలెను. బొమ్మ అట్లు కాదు. దానిని మనము కోరినచోట నిలుపుదుము, కోరినప్పుడు పెట్టెలో పెట్టుదుము. ఒక్క మాటలో చెప్పవలెననిన, అర్చామూర్తి యొద్ద మనము కొలువు చేయుదుము. బొమ్మలయొద్ద మనము కొలువు తీర్చుదుము. తీర్చునప్పుడు యజమానిభావము తలయెత్తుట సహజము. ప్రశ్న అచటనే పుట్టుచున్నది.

గీతలోని పదునెనిమిదవ అధ్యాయమునకు భాష్యము వ్రాయుచు భగవద్రామానుజులు త్యాగమును మూడు విధములుగా విభజించిరి. పనివలన వచ్చు ఫలము నాది యనుకొనకుండుట ఒకటి. ఈ పని నాది యను మమకారమును విడుచుట రెండవది. దీనికి నేనే కర్తను అను భావమును విడుచుట మూడవది. పనిని విడువుమని వారు చెప్పలేదు. పని చేయుచునే ఈ మూటిని విడువుమనిరి. బొమ్మల కొలువు కట్టువాని యెదుట ఈ మూడును క్రమముగా వచ్చి నిలుచును.

మొదట కర్తృత్వము. కొలువు పూర్తియైన సాయంకాలమున గృహస్థుడు దూరముగా నిలిచి చూచి, "దీనినంతయు నేను కట్టితిని" అనుకొనును. ఆ మాట ఎంతవరకు నిజము? విజయవాడకు సమీపమున గల కొండపల్లిలో చేయు బొమ్మ తెల్లపొణికి కఱ్ఱతో చేయబడును. ఆ కఱ్ఱ తేలికైనది, ఉలికి మెత్తగా లొంగునది. అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, ఆరబెట్టి, సుద్ద పూసి, రంగులు వేయుదురు. చాల ఇండ్లలో చెక్కుట పురుషులు, రంగులు దిద్దుట స్త్రీలు చేయుదురు. వరాహనది ఒడ్డుననున్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచుండగానే లక్కను అద్దగా రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టును. ఆ గ్రామపు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. తిరుపతి ప్రాంతమున ఎఱ్ఱచందనముతో చేయు జంటబొమ్మలు మరియొక తెగ. ఇన్ని చేతులు, ఇన్ని చెట్లు, ఇన్ని తరముల నేర్పు కలిసిన పిమ్మట మన చేయి చేసినది వాటిని ఒకచోట నిలుపుట మాత్రమే.

గీత కార్యమునకు అయిదు కారణములను చెప్పినది: అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, అయిదవది దైవము. అధిష్ఠానమనగా శరీరమని, దైవమనగా లోపలనుండి నడిపించు పరమాత్మయని రామానుజుల వ్యాఖ్య. కొలువు కట్టిన శరీరము మనము చేసికొన్నది కాదు. చేతివ్రేళ్ళ నేర్పు మనము సృష్టించినది కాదు. రాగిగింజ ఏల మొలచునో మనకు తెలియదు. మనము నీరు చల్లితిమి, అది మొలచినది. అయినను మనము చేయనిదే కొలువు నిలువదు అనుటయు సత్యమే. అయిదింటిలో మనమొకరము, అయిదును మనమే కాము. ఇది వినయము కొఱకు పలుకు మాట కాదు, ఉన్న లెక్క.

రెండవది మమకారము. ఇది కర్తృత్వముకంటె కఠినమైన పరీక్ష. ఏ ఇంటనైనను జరుగగల ఒక సంగతిని ఆలోచింతము. తల్లి మూడు దినములు శ్రమించి రేపల్లెను కట్టినది. మట్టి తిన్న కృష్ణుడు నోరు తెరచి నిలుచున్నాడు; యశోద చేయెత్తి బెదరించుచున్నది. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి మెచ్చుకొనుచున్నారు. ఇంతలో నాలుగేండ్ల బాలుడు ఆ కృష్ణుని ముట్టవలెనని ముందుకు వంగి, అద్దపు కొలనుపై కాలు మోపి, ఒక మెట్టునంతయు కూలద్రోసినాడు. తల్లి చేయి లేచినది.

ఆ క్షణమున ఆ గదిలో రెండు రేపల్లెలు ఉన్నవి. ఒకదానిలో మట్టిబాలుని అల్లరికి అందరును చేతులు జోడించుచున్నారు. రెండవదానిలో ప్రాణమున్న బాలుని అల్లరికి దెబ్బ సిద్ధమగుచున్నది. భాగవత కథలో యశోద గద్దించినది నిజమే. కాని నోరు తెరువుమని అడిగి చూచినంతనే ఆమెకు బ్రహ్మాండమంతయు కనబడినది. శిశువు నోట లోకమును చూపుటకే మనము ఆ బొమ్మను నిలిపితిమి. అట్టి బొమ్మ కొఱకు శిశువును కొట్టినచో ఆ కథను కట్టినవారే దానిని వినలేదనవలెను. భాగవతము తృతీయస్కంధమున కపిలుడు తన తల్లి దేవహూతికి ఈ విషయమునే స్పష్టముగా బోధించెను. సర్వభూతములలో ఆత్మగా ఉన్న తనను అవమానించుచు ప్రతిమలో తనను పూజించువాడు బూడిదలో హోమము చేయువాని వంటివాడని భగవానుని వాక్యతాత్పర్యము. ప్రతిష్ఠింపబడిన అర్చ విషయముననే ఈ హెచ్చరిక చెల్లునప్పుడు బొమ్మల విషయమున చెప్పనేల?

అయితే ఇందుకు ఎదురువాదము కలదు, దానిని త్రోసివేయరాదు. "అన్నియు నశించునవే, పగిలిన పగులనిండు" అని ఊరకుండుటయు ధర్మము కాదు. ఆ బొమ్మను చేసిన శిల్పి వ్రేళ్ళు నొప్పిపుట్ట పనిచేసినాడు. ఆ కఱ్ఱ ఒకప్పుడు బ్రతికిన చెట్టు. కొన్ని బొమ్మలు అవ్వ పుట్టింటినుండి తెచ్చినవి, ఆమె చేతి స్పర్శను మోయుచున్నవి. వాటిని నిర్లక్ష్యముగా చూచుటకు వైరాగ్యమని పేరు పెట్టుట సోమరితనమును కప్పిపుచ్చుటయే. తనది కాదు గనుక ఇష్టము వచ్చినట్లు చేయవచ్చును అనువాడు మమకారమును విడిచినవాడు కాడు, భారమును విడిచినవాడు. తనది కాదు గనుక మరింత జాగ్రత్తగా చూడవలెను అనువాడే నిజముగా మమకారమును విడిచినవాడు. ఆలయమున తిరువాభరణములను కాపాడు ఉద్యోగి ఒక్క పూసకును లెక్క చెప్పును. ఒక్క పూసను తనది అనుకొనడు. శేషి భగవంతుడు, మనము శేషభూతులము అను సిద్ధాంతము గృహమున ఆచరణకు వచ్చు తీరు ఇదియే.

కనుక ఆ తల్లి చేయవలసినది ఏమి? చేయి దించి, ముందు పిల్లవాని పాదమున అద్దము గ్రుచ్చుకొన్నదేమో చూడవలెను. పిమ్మట వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, విరిగిన చేతిని జిగురుతో అతుకుటకు వాని చిన్న వ్రేళ్ళను తోడు తీసికొనవలెను. విరిచినవాడే అతికినచో వానికి శ్రమ విలువ తెలియును. దెబ్బ తినినచో బొమ్మపై భయము మాత్రమే మిగులును. అతుకు కనబడినను కనబడనిండు. మరుసటి యేడు ఆ కృష్ణుని పెట్టెనుండి తీయునప్పుడు ఆ అతుకును జూచి ఇల్లంతయు నవ్వుకొనును.

ఈ కాలమున ఇంకొక సందేహము ఇండ్లలో వినబడుచున్నది. పిల్లల యొద్ద ఇప్పుడు కొండపల్లి బొమ్మలకంటె, కీళ్ళవద్ద చేతులు కాళ్ళు తిరుగు ప్లాస్టిక్ వీరుల బొమ్మలు ఎక్కువ. వాటిని సైనికుల వలెను, యోధుల వలెను నిలుపవచ్చును. మనుమడు అట్టి బొమ్మ నొకదానిని తెచ్చి, "దీనికి కూడ కొలువులో చోటు ఇయ్యుము" అని అడుగును. అవ్వ "అది మన దేవుడు కాదు" అనును. ఎవరి పక్షమున న్యాయమున్నది?

అవ్వ మాటలో ఒక సత్యమున్నది. కొలువునకు ఒక క్రమము కలదు. ఎవరు ఎవరిని కొలుచుచున్నారో ఆ క్రమము చెప్పును. పై మెట్టున బాహుబలమే దైవమైనచో అది కొలువు కాదు, అంగడి. కాని మనుమని మాటలోను సత్యమున్నది. కొండపల్లి శిల్పులు దశావతారములను మాత్రమే చేయలేదు. తాటిచెట్టెక్కు గీతకార్మికుని, ఎడ్లబండి తోలు రైతును, అంబారీ ఏనుగునెక్కిన రాజును కూడ చేసిరి. పూర్వపు గృహిణులు బంట్రోతును, పోలీసును, బ్యాండుమేళమువారిని కూడ మెట్లపై నిలిపిరి. ఆయా కాలములలో అవి క్రొత్తవే. భగవంతుని కొలువున అడుగుమెట్టు ఎన్నడును నిండిపోలేదు. కనుక ఆ యోధునికి చోటు ఇయ్యవచ్చును. కాని ఎచ్చట నిలుపవలెనో, ఏమి పని ఒప్పగింపవలెనో పిల్లవానినే ఆలోచింపుమనవలెను. గోవర్ధనము క్రింద నిలిచి ముసలివారికి గొడుగు పట్టునా? ఏడుకొండల మెట్లపై యాత్రికుని మూటను మోయునా? బలమునకు ఉచితమైన పని సేవయని ఆ బాలుడు ఉపన్యాసము వినకయే గ్రహించును. బొమ్మను తిరస్కరించిన దినమున పిల్లవాడు కొలువునుండియే తొలగిపోవును.

మూడవది ఫలము. కొలువునకు ఫలము మెప్పు. "మీ కొలువు వంటిది ఈ వీధిలో లేదు" అను మాట వినుటకు చెవి ఎదురుచూచును. మెప్పు దోషము కాదు. మెప్పు కొఱకు కొలువు పెరుగుట దోషము. అట్లు పెరిగిన కొలువున మెట్లు హెచ్చును, దీపములు హెచ్చును, కథ తగ్గును. మరియు పేరంటమునకు ఎవరు పిలువబడుదురు, ఎవరు పిలువబడరు అనునది కూడ విచారింపదగినది. పసుపుకుంకుమల పంపిణీ పేర భర్తను కోల్పోయిన స్త్రీలను గడప అవతలనే నిలిపిన ఇండ్లు ఎన్నియో. వారిలో ఒకరు ఆ బొమ్మలనే బాల్యమున సర్దిన ఇంటి ఆడపడుచు కావచ్చును. పై మెట్టున ఉన్నవాడు అందరి హృదయములలో ఉన్నవాడని నమ్మువారు ఆయన కొలువునుండి ఒకరిని వెలివేయుట ఏ శాస్త్రముతోను పొసగదు. శనగలు చేతిలో పెట్టి లోపలికి రమ్మనుటయే ఆ కొలువునకు అందము.

ఫలత్యాగమునకు తుది పరీక్ష పండుగ ముగిసిన రాత్రి వచ్చును. చాల ఇండ్లలో ఆ రాత్రి హారతి యిచ్చి ఒక బొమ్మను పరుండబెట్టుదురు. మరునాడు ఒక్కొక్కదానిని పాతగుడ్డలో చుట్టి పెట్టెలో ఉంచుదురు. పచ్చికను పశువునకు వేయుదురు, ఇసుకను వాకిట పోయుదురు, కొండ తిరిగి కుండలగును. అట్లు విప్పుటకు మనస్సు రాక కొలువును నెలల తరబడి ఉంచినచో దానిపై దుమ్ము చేరును, చూచువారు లేకపోదురు. భాగవతము ప్రథమస్కంధమున ధృతరాష్ట్రుడు వెడలిపోయినందుకు దుఃఖించు ధర్మరాజునకు నారదుడు ఈ పోలికనే చెప్పెను. ఆటవస్తువులు కలియుటయు విడిపోవుటయు ఆడువాని ఇచ్ఛవలన జరుగునట్లు, మనుష్యుల కలయికలును ఎడబాటులును ఈశ్వరుని ఇచ్ఛవలన జరుగునని దాని భావము. బొమ్మలను పెట్టెలో సర్దిన ప్రతి చేయి ఈ సత్యమును ఏడాదికొకసారి తాకుచున్నది.

శ్రీవిల్లిపుత్తూరున అవతరించిన గోదాదేవి నాచ్చియార్ తిరుమొళిలోని రెండవ దశకమున ఇసుకలో గుజ్జనగూళ్ళు కట్టుకొను బాలికల కథ చెప్పినది. నడుము నొచ్చునట్లు దినమంతయు కూర్చుండి వారు చిన్న ఇండ్లు కట్టిరి. కృష్ణుడు వచ్చినాడు. తమ ఇండ్లను కూలద్రోయవద్దని వారు వేడుకొందురు. శ్రమపడి కట్టినదానిని కాపాడుకొనవలెనను కోరిక గోదాదేవికి తప్పుగా తోచలేదు. కాని ఆ బాలికలు ఎవరిని వేడుకొనుచున్నారో చూడవలెను. ఆ ఇసుక ఎవని యమునాతీరమో, ఆ చేతులకు బలమిచ్చినవాడెవడో, వానినే వేడుకొనుచున్నారు. ఇల్లు నిలిచినను వాని దయ. కూలినను వాడు వచ్చినాడు. ఇసుకయిల్లు కట్టనివారియొద్దకు దానిని చెఱుపుటకైన ఆయన ఏల వచ్చును?

యజమాని ఎవరు అను ప్రశ్నకు ఇది సమాధానము. కట్టుట మన పని, కాపాడుట మన కర్తవ్యము, కలిగియుండుట మన అధికారము కాదు. సృష్టి స్థితి లయములు శ్రీనివాసునికి లీలయని శ్రీభాష్య మంగళశ్లోకమున రామానుజులు కీర్తించిరి. ఆశ్రయించినవారిని రక్షించుట ఆయన దీక్షయని అచ్చటనే చెప్పిరి. ఆడుకొనువాడు తన బొమ్మలయందు ఇంత దయగలవాడైనప్పుడు ఆయన ఆటను అనుకరించు మనము మాత్రము మన చిన్నలోకములలో కఠినులము కారాదు. తిరుమలలో దినదినము ఆదాయపు లెక్క విన్నవింపబడునట్లు, ప్రతి గృహస్థుడును పండుగనాటి రాత్రి పెట్టె మూత వేయుటకు ముందు తన కొలువు లెక్కను స్వామికి విన్నవించుకొనుగాక. ఎన్ని మెట్లు కట్టితిమి అనునది ఆ లెక్కలో చేరదు. కట్టునప్పుడు ఎవరిని కసిరితిమి, ఎవరిని పిలిచితిమి, విరిగినదానిని ఎవరితో కలిసి అతికితిమి అనునవియే చేరును.